డైరెక్టరమ్మల సినిమాల కోసం నేను పడ్డ తిప్పలు

మొత్తానికి నిన్న రాత్రి సాయి పరాంజపే ‘స్పర్శ్’ చూసేశాను. ఫోన్లో కాదు, మా హాల్లో, టీవీలో, కాళ్లు చాపుకుని. సినిమా బాగుంది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడానికి పడిన పాట్లు మాత్రం పగవాడికి కూడా వద్దు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

రిటైరయ్యాక, ఆడవాళ్లు తీసిన సినిమాలు వరసగా చూడాలని డైరీలో రాసుకున్నాను. భానుమతి ‘చండీరాణి’ (1953), సావిత్రి ‘చిన్నారి పాపలు’ (1968), విజయనిర్మల ‘మీనా’ (1973), కన్నడంలో ప్రేమా కారంత్ ‘ఫణియమ్మ’ (1983), హిందీలో ‘స్పర్శ్’, మొన్నమొన్నటి సుజనారావు ‘గమనం’ (2021). నెట్ కనెక్షన్ ఉంది, స్మార్ట్ టీవీ ఉంది, నెల నెలా ప్యాక్ డబ్బులు కడుతూనే ఉన్నాం. ఇంకేం కావాలి అనుకున్నాను.

వెతకడం దగ్గరే చిరాకు మొదలైంది. ‘మీనా’ అని కొడితే హీరోయిన్ మీనా సినిమాలన్నీ వచ్చి పడ్డాయి. విజయనిర్మల అని కొడితే ఆవిడ నటించినవి వచ్చాయి. నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం చేసి గిన్నిస్‌కెక్కిన మనిషి ఆవిడ! హీరో పుట్టినరోజుకు అతని సినిమాలన్నీ వరస పెట్టే యాప్‌లకు, దర్శకురాలి పేరు మీద ఓ వరస పెట్టడానికి చేతులు రావు. సినిమా పేరు పక్కన సంవత్సరం కూడా కొట్టండి, కాస్త నయం.

అసలు కథ ఇక్కడి నుంచి. ప్యాక్‌తో పాటు వచ్చే యాప్‌లోకి వెళ్దామంటే ఓటీపీ పంపామంటుంది. నా ఫోనుకు రాదు, మావారి ఫోనుకూ రాదు. కస్టమర్ కేర్ వాళ్లు పాట వినిపించి వినిపించి లైన్ కట్ చేశారు. ఇక లాభం లేదని బిల్లు పట్టుకుని నెట్ వాళ్ల ఆఫీసుకే వెళ్లాను.

ఆఫీసంటే ఓ గది. గోడవారన పాత రూటర్ల గుట్ట, టేబుల్ మీద నూనె ఓడుతున్న సమోసా కాగితం, దాని పక్కన రసీదు పుస్తకం. కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే ‘ఏ సినిమా కావాలాంటీ?’ అన్నాడు. నేను అడిగింది సినిమా గురించి కాదు, ఓటీపీ గురించి. సరే అడిగాడు కదా అని, ‘ఫణియమ్మ’ అన్నాను.

‘దెయ్యం సినిమానా?’

‘కాదు బాబూ. చిన్నప్పుడే భర్త పోయిన ఒకావిడ జీవితం. ఎం.కె. ఇందిర గారి నవల.’

‘హీరో ఎవరు?’

‘హీరో లేడు.’

వాడు అవతలి టేబుల్ వాడికేసి తిరిగి, ‘రేయ్, ఆంటీ హీరో లేని సినిమా కోసం వచ్చిందిరా’ అన్నాడు. ఇద్దరూ నవ్వారు. బిల్లు కట్టడానికి నా వెనక నిలబడ్డ ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. ‘ఇవన్నీ మీకు చెప్పినా అర్థం కావాంటీ, మీ అబ్బాయిని పంపించండి’ అని సమోసా అందుకున్నాడు.

నాకు అబ్బాయి లేడు. ఉన్నది అమ్మాయి, నెట్‌వర్క్ ఇంజినీరు. దానికి లెక్కలు నేర్పింది నేనే. దానికేం, ఈ ఊళ్లో సగం మంది ఇంజినీర్లకు లాగరిథమ్స్ నేర్పిన చెయ్యి ఇది. ఆ మాట అక్కడే అనాల్సింది గానీ, గొంతు పెగల్లేదు.

ఇంటికొచ్చి ఆ తెరనే మళ్లీ చూశాను. ఓటీపీ వెళ్లిన నంబరు చివరి అంకెలు చూపిస్తోంది. మా ఇంట్లో ఎవరివీ కావు. కనెక్షన్ ఇచ్చిన రోజు టెక్నీషియన్ రసీదు మీద రాసిచ్చిన తన నంబరు తీసి పక్కన పెట్టాను. సరిగ్గా అవే! మా డబ్బుతో తీసుకున్న ప్యాక్‌ను ఆ మహానుభావుడు తన నంబరు మీద తెరుచుకున్నాడన్నమాట.

మళ్లీ వెళ్లి రసీదు, ఫోటో తీసుకున్న తెర రెండూ టేబుల్ మీద పెట్టాను. ఈసారి నవ్వలేదు. ‘సిస్టం ప్రాబ్లం మేడం’ అన్నాడు. ఆంటీ కాస్తా మేడం అయింది. నా నంబరు ఎక్కించడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇంటికొచ్చి తెరిస్తే, ‘చూస్తూ ఆపేసినవి’ అన్న వరస నిండా కత్తులు, సుమోలు, గాల్లో ఎగిరే రౌడీలు. సగం చూసినవి, పావు చూసినవి. ఒక్కొక్కటీ తుడుచుకుంటూ కూర్చున్నాను.

కనెక్షన్ పెట్టడానికి వచ్చినవాణ్ని, మీ నంబరుకు ఓటీపీ వచ్చేదాకా గడప దాటనివ్వకండి. ‘ఇన్ని ఓటీటీలు ఫ్రీ’ అనే కాగితాన్ని అసలు నమ్మకండి, నా జాబితాలో సగం వాటిల్లో లేవు, కొన్నిటికి విడిగా అద్దె కట్టాను. అద్దె సినిమా మొదలుపెట్టాక మామూలుగా 48 గంటలే గడువు, చుట్టాలొచ్చే రోజున మొదలుపెట్టకండి. ఏది ఎక్కడుందో మాత్రం రాయను, అవి అద్దె ఇళ్లు మారినట్టు మారుతుంటాయి.

‘స్పర్శ్’లో నసీరుద్దీన్ షా అంధుల బడి ప్రిన్సిపాల్. డాక్టరు దగ్గరికి బయల్దేరినవాడు దారిలో పాట విని, ఆ పాట వెంటే నడిచి షబానా ఆజ్మీ గుమ్మం ముందుకొస్తాడు. అతనికి జాలి అంటే ఒళ్లు మంట. సాయం చేస్తే సరే, ‘పాపం’ అంటే ఊరుకోడు. ఆ మాటలు వింటుంటే నాకు సమోసా కుర్రాడే కళ్లముందు మెదిలాడు.

‘గమనం’ హైదరాబాద్ వానలో చిక్కుకున్న మనుషుల కథ. శ్రియ ఇలా కూడా చేయగలదా అనిపించింది. కథలు మూడు, అందులో ఆవిడదే గట్టిది. ‘మీనా’ చూస్తూ మావారు ‘ఇది మొన్నటి అ ఆ సినిమా కథ కదూ’ అన్నారు. యద్దనపూడి నవల ముందు, విజయనిర్మల సినిమా తర్వాత, మీ అ ఆ ఎప్పుడో 2016లో అని చెప్పాను.

‘చిన్నారి పాపలు’ శుభ్రమైన ప్రింటు నాకింకా దొరకలేదు. సావిత్రి దర్శకత్వం, పి. లీల సంగీతం. వెతుకుతున్నాను.