మావయ్య లేని గిరి ప్రదక్షిణ

మా మావయ్య నేవీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చాడు. విశాఖ దగ్గర సింహాచలం కొండ మీదున్న సింహాద్రి అప్పన్న భక్తుడు. ఆషాఢ శుద్ధ చతుర్దశి వస్తే ఆ కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణకి మమ్మల్ని వెంటేసుకుని నడిచేవాడు. పోయిన మాఘంలో ఆయన కాలం చేశాడు. ఈసారి ఆయన లేకుండా నడిచాం, అత్తా, నేనూ, తమ్ముడూ.

కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే మళ్ళీ అక్కడికి వచ్చేసరికి 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రం. అక్కడ స్నానం చేసి ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం. ఎక్కువమంది చెప్పుల్లేకుండా నడుస్తారు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు ఇచ్చే పందిళ్ళు. ప్రతి పందిరికీ సీరియల్ సెట్లు, ఫ్లడ్ లైట్లు, మైకు. పైన ఆషాఢం వాన.

అందరం ఆ లైట్లు చూసి మురిసిపోతే మావయ్య వాటి వైర్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూసేవాడు. ఆయన భుజం సంచిలో పసుపు, కుంకుమ, కర్పూరం పొట్లంతో పాటు టెస్టరు, కటింగ్ ప్లయరు, నల్ల టేపు చుట్ట ఉండేవి. నా చిన్నప్పుడు హనుమంతవాక దాటాక ఒక పందిరి దగ్గర జరిగింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మజ్జిగ గ్లాసు అందుకుంటూ ఒకావిడ పందిరి ఇనప రాటని పట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కుంది. "ఏదో జుమ్మందమ్మా" అని నవ్వేసి వెళ్ళిపోబోయింది. మావయ్య నవ్వలేదు. రాటకి టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"బాబూ, మెయిన్ ఆపు. మైకు కూడా. అందరూ రాటలకి దూరంగా జరగండి."

గొంతు పెంచకుండానే చెప్పాడు, కానీ ఆ మాటకి ఎదురు చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. ఫ్లడ్ లైటుకి వెళ్ళే వైరుని రాటకి బైండింగ్ వైరుతో బిగించి కట్టారు. గాలికి ఊగి ఊగి ఆ సన్నటి ఇనప తీగ పైతొడుగుని కోసేసింది. లోపల రాగి బయటపడి రాటకి ఆనుతోంది. మావయ్య ఆ చోటు తుడిచి ఆరబెట్టి, టేపు చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, ప్లాస్టిక్ తాడుతో తలకి అందనంత ఎత్తున కట్టాడు. మళ్ళీ మెయిన్ వేయించి రాటకి టెస్టరు పెట్టి చూశాకే మజ్జిగ తాగాడు. నడక మొదలెట్టాక నాతో ఒక్క మాటే అన్నాడు. "అప్పన్న దారిలో ఎవరికీ దెబ్బ తగలకూడదమ్మలూ."

ఆ జాగ్రత్త ఆయనకి ఓడలో అబ్బింది. శ్రీకాకుళం జిల్లాలో మా తాతగారి ఊళ్ళో ఉన్నప్పుడు, 1971లో, విశాఖ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని రేడియోలో విన్నాడు. అప్పటికింకా కుర్రాడే. నేవీలో చేరతానని ఇంట్లో పట్టుబట్టాడు. జామ్‌నగర్ దగ్గరున్న ఐఎన్ఎస్ వల్సూరాలో ఎలక్ట్రికల్ శిక్షణ అయింది. సెలవు దొరికితే ద్వారక వెళ్ళి కృష్ణుణ్ణి చూసుకునేవాడట.

ఓడ కరెంటు గురించి మాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఇంటికి గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పెడతాం. ఓడలో పద్ధతి వేరు. అక్కడ కరెంటు తీగలేవీ ఓడ ఇనప బాడీకి తగలకుండా విడిగా ఉంచుతారు. ఎక్కడైనా ఒక తీగ బాడీకి తగిలినా ఫ్యూజు పోదు, మోటారు ఆగదు, పని నడుస్తూనే ఉంటుంది. స్విచ్‌బోర్డు మీదుండే ఎర్త్ ల్యాంపుల్లో ఒకటి మసకబారుతుంది, అంతే. ఆ మసక చూసి ఫాల్ట్ ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. ఇంకో తీగ ఇంకో చోట తగిలిందంటే అప్పుడు ముప్పు. ఆ బోర్డు పక్కనే అప్పన్న క్యాలెండరు బొమ్మ అంటించుకున్నాడట. డ్యూటీ ఎక్కేటప్పుడు ముందు ఆయనకి దణ్ణం, తర్వాత ల్యాంపుల వైపు చూపు. తిరిగి వస్తుంటే విశాఖ రేవు దగ్గరి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించగానే డెక్కు మీద సింహాచలం దిక్కుకి చేతులు జోడించేవాణ్ణని చెప్పేవాడు.

నేవీ నుంచి వచ్చేశాక గాజువాకలో ఎలక్ట్రికల్ పని పెట్టుకున్నాడు. ఎర్త్ లేకుండా ఇంటికి వైరింగ్ చెయ్యమంటే ఎంతిచ్చినా ఒప్పుకునేవాడు కాదు. వేసవిలో పాత కస్టమర్లకి ఫోన్ చేసి "ఎర్త్ గోతిలో నీళ్ళు పోశారా?" అని అడిగేవాడు. అమ్మవారి పండగలకి లైట్లు కడితే కూలి తీసుకోలేదు. ఆయన పనీ ఆయన భక్తీ నాకెప్పుడూ రెండుగా కనిపించలేదు. సన్నికల్లు మీద చందనం చెక్క అరగదీసేటప్పుడు ఎంత నెమ్మదిగా ఉండేవాడో, వైరు కొస ఒలిచి స్క్రూ కింద బిగించేటప్పుడూ అంతే నెమ్మది.

చివరి రెండేళ్ళూ మోకాళ్ళు సహకరించలేదు. కొండ చుట్టూ నడవలేనివాళ్ళు పౌర్ణమినాడు కొండ మీద ఆలయ ప్రదక్షిణ చేస్తారు. ఆయనా అదే చేశాడు. మేము నడుస్తుంటే మాత్రం ఫోన్లు ఆగేవి కావు. "ఎక్కడున్నారు? వాన పడుతోందా? ఇనప రాటలు ముట్టుకోకండి."

ఈసారి ఆ ఫోన్ రాలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన అత్తని గుర్తుపట్టి దగ్గరికొచ్చారు. మావయ్యతో ఒకే ఓడలో పనిచేశారట. సంగతి తెలియదు పాపం, "చీఫ్ ఏడమ్మా, కనపడడేం?" అని అడిగారు. అత్త చెప్పింది. ఆయన అటెన్షన్‌లో నిలబడి, కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టారు. గోపాలపట్నం దాకా మాతోనే నడిచారు. ఇంజన్ గదిలో పొగ కమ్మితే మావయ్య చీకట్లో చేత్తో తడుముకుంటూ కేబుల్ పట్టుకున్న సంగతి దారిలో చెప్పారు. ఇంట్లో మా ఎవరికీ తెలియదు అది. అత్త మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

తెల్లవారుజామున పైకెళ్ళి దర్శనం చేసుకున్నాం. అక్షయ తదియనాడు నిజరూపం చూపించిన స్వామికి ఆ రోజు నుంచి 4 విడతలుగా చందనం పూస్తారు. ఆఖరి విడత ఆషాఢ పౌర్ణమికే. కోరికలు తీరుతాయని నమ్మే గుడిలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నప్పుడు అత్త ఏం కోరుకుందో అడగలేదు. కిందికి దిగాక ఆవిడే అంది, వచ్చే ఏడాది మావయ్య పేరు మీద ముడసర్లోవ దగ్గర మనమే మంచినీళ్ళ పందిరి వేద్దామని.

వైరింగ్ బాధ్యత తమ్ముడిది. వెదురు రాటలే వాడతాం. లైను ముందు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా తనే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ, పెడతాం, జాయింటు ఒక్కటి కూడా నేల మీద ఉండనివ్వం. పందిళ్ళు వేసే మిగతావాళ్ళకి కూడా ఇదే నా మనవి. మీ లైట్ల కింద నడిచేవాళ్ళు వట్టి కాళ్ళతో, తడి బట్టలతో వస్తారు. ముందురోజే ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.