ప్రశ్నలు వినిపించని వాంగ్మూలం

నటీనటులతో సినిమాలాగా చిత్రీకరించిన హత్యకేసు గేమ్‌లలో నేను మొదట చేపట్టినది 'హర్ స్టోరీ'. శామ్ బార్లో రూపొందించగా 2015 జూన్‌లో విడుదలైన ఈ గేమ్‌లో వెంటాడడాలు, కాల్పులు ఉండవు. మనం నడిపించడానికి ఒక పాత్ర కూడా ఉండదు. తెర మీద పాతకాలపు పోలీసు కంప్యూటర్, అందులో వెతకడానికి ఒక గడి, ఆ గడిలో మనకంటే ముందే ఎవరో టైపు చేసి ఉంచిన 'మర్డర్' అనే మాట మాత్రమే కనిపిస్తాయి. 1994లో సైమన్ అనే వ్యక్తి కనిపించకుండా పోగా, అతని భార్యను పోలీసులు ఏడుసార్లు కూర్చోబెట్టి విచారించిన వీడియోలను చిన్న చిన్న ముక్కలుగా కోసి ఆ యంత్రంలో భద్రపరిచారు. ఆ స్త్రీగా వివా సీఫర్ట్ నటించారు. పోలీసుల గొంతు మాత్రం ఎక్కడా వినిపించదు.

'మర్డర్' మాటకు నాలుగు ముక్కలు వచ్చాయి. ఆమె నోట వచ్చిన ఏ మాటనైనా టైపు చేస్తే ఆ మాట ఉన్న ముక్కలు తేదీల వరుసలో వస్తాయి. అయితే ఎన్ని దొరికినా మొదటి ఐదే తెరుచుకుంటాయి. ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. 'సైమన్' అని వెతికితే డజన్లకొద్దీ ఉన్నాయని యంత్రం చెబుతుంది కానీ, తొలి రోజుల్లో ఆమె జాగ్రత్తగా చెప్పిన మాటలే చూపిస్తుంది. చివరి రోజుల్లో నోరు జారిన మాటలు వాటి వెనుక దాగి ఉంటాయి. వాటిని చేరాలంటే ఆమె అరుదుగా వాడిన మాటను మనమే ఊహించాలి. మొదటి రాత్రి నేను ఆయుధం, అనుమానితుడు అంటూ పోలీసు మాటలే కొడుతూ మూడు గంటలు గడిపాను. పెద్దగా ఏమీ దొరకలేదు.

నా పొరపాటు ఒకటి ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. సైమన్ గాజు పని చేసేవాడు కాబట్టి నా బుర్ర నిండా గాజే ఉంది. ఆమె ఒకచోట గ్లాస్గో నగరం పేరెత్తగానే ఉత్సాహంగా అదే వెతికాను. ఒక్క ముక్కా రాలేదు. చెవులారా విన్న మాట లేదంటుందేమిటని గేమ్‌నే తిట్టుకుని పడుకున్నాను. మర్నాడు వీడియో కింద కనిపించే అక్షరాలను నిదానంగా చదివితే తెలిసింది, నేను ఆ ఊరి పేరులో 'ఎస్' అక్షరాన్ని రెండుసార్లు కొట్టానని. అప్పటినుంచి చెవిని నమ్మడం మాని, ప్రతి మాటనూ స్పెల్లింగుతో సహా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

సబ్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మా బాబాయి ఆ వారం మా ఇంట్లోనే ఉన్నారు. వెనుక నిలబడి కాసేపు చూసి, "ప్రశ్నలేవిరా?" అని అడిగారు. ఉండవని చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. కోర్టులో సాక్షి చెప్పినదాన్ని కూడా మామూలుగా ప్రశ్నలు తీసేసి కథనంలాగే రాస్తారట. 'నిజమే', 'నిజం కాదు', 'నాకు గుర్తులేదు' అన్న వాక్యాలను చూసి, లాయరు ఏమడిగి ఉంటాడో చదివేవాడే పట్టుకోవాలట. "జవాబు వినడం కాదు, ఆ జవాబు రాబట్టిన ప్రశ్న ఏమిటో రాసుకో. అందులో ఉన్న మాటతో వెతుకు" అన్నారు.

నోటుబుక్కులో ఎడమవైపు ఆమె జవాబు, కుడివైపు నేను ఊహించిన ప్రశ్న రాయడం మొదలుపెట్టాక ఆట తీరే మారిపోయింది. ఆమె ఊరికే ఉలిక్కిపడిన చోట పోలీసు ఏదో వస్తువు చూపించి ఉంటాడనుకుని ఆ వస్తువు పేరు కొడితే కొత్త ముక్కలు వచ్చేవి. పనిలో పనిగా కళ్లు కూడా తెరుచుకున్నాయి. ఒకరోజు చేతి మీద పచ్చబొట్టు కనిపిస్తుంది, మరోరోజు కనిపించదు. గిటారు పట్టుకుని ఆమె పాడిన పాత జానపద గీతం కాలక్షేపం కోసం కాదని తరువాత అర్థమవుతుంది. ఇంతకు మించి చెబితే ఇక ఆడేవారికి ఏమీ మిగలదు.

దీని తరువాత టిమ్ ఫోలిన్ రూపొందించిన 'కాంట్రడిక్షన్' కూడా పూర్తిచేశాను. అక్కడ జెంక్స్ అనే ఇన్‌స్పెక్టర్ ఊళ్లో తిరుగుతూ ప్రశ్నిస్తాడు. ఒకే మనిషి చెప్పిన రెండు పొంతనలేని మాటలను మనం జతచేసి నిలదీయాలి. సరదాగానే ఉంది కానీ, ప్రశ్నలు అతనే అడిగేయడంతో నాకు పని తగ్గినట్టు అనిపించింది.

'హర్ స్టోరీ'లో చూసిన ముక్కలు ఆకుపచ్చ గడులుగా, చూడనివి ఎర్ర గడులుగా చూపించే సదుపాయం ఒకటి ఉంది. నాలుగో రాత్రి ఇక చాలా అని తెర మీద అడిగినప్పుడు ఎర్ర గడులు ఇంకా చాలానే ఉన్నాయి, అయినా చాలన్నాను. గేమ్ ముగిసింది కానీ ఎవరు దోషి అన్నది అది చెప్పలేదు. నా తీర్పు చెబితే బాబాయి ఒప్పుకోలేదు. కుడివైపు ప్రశ్నల్లో మూడు తప్పుగా ఊహించావని ఎర్ర సిరాతో కొట్టేసి, నోటుబుక్కు తీసుకుని ఊరెళ్లారు.