ప్రార్థన, పద్దుల పుస్తకం

అమ్మానాన్న లేని పిల్లల్ని పెంచుతున్న ఒక దంపతుల ఇంట్లో నిన్నంతా గడిపాను. "దేవుడే చూసుకుంటాడు" అనే మాట వింటే నాకు మామూలుగా ఒళ్లు మండుతుంది. చేతులు దులుపుకోడానికి వాడే మాటలా ఉంటుంది మరి. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆంటీ చేతిలో సూదీదారం ఉంది. ఒక్కో చొక్కా కాలర్ లోపల ఒక్కో పిల్లాడి పేరు కుడుతున్నారు. "ఇది నాది అని చెప్పుకోడానికి వీళ్లకీ ఏదో ఒకటి ఉండాలి కదమ్మా" అన్నారు. ఒక బుడ్డోడు కాలర్ తిప్పి మరీ నాకు చూపించాడు. అంకుల్ ప్రార్థన అవ్వగానే పద్దుల పుస్తకం ముందేసుకున్నారు.

జార్జ్ ముల్లర్, మేరీ దంపతులు గుర్తొచ్చారు. 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అద్దె ఇంట్లో 30 మంది బాలికల కోసం అనాథాశ్రమం మొదలుపెట్టారు. ఎవరినీ చందా అడగలేదు, ప్రార్థనే ఆధారం. ముల్లర్ జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లలకు నీడ దొరికింది. పేరంతా ఆయనదే. నెలనెలా బిల్లులు సరిచూసింది మాత్రం మేరీ!

ఆంటీకి కుట్టుపనిలో సాయం కావాలట. నాకు బొత్తాం కుట్టడం కూడా సరిగ్గా రాదు, అయినా ఆదివారం వస్తానని చెప్పేశా.