వెళ్లింది పదకొండులో, వచ్చింది పదిలో

సంచికకి ఏదైనా రాసివ్వమని మన బ్యాచ్ గ్రూపులో అడిగారు. హాస్టల్ సాంబారు గురించి ఎలాగూ పది మంది రాస్తారు కాబట్టి నేను అట్టముక్కల గురించి రాస్తున్నాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. 2016 అక్టోబరులో, మన మెకానికల్ బ్లాకు కింది హాల్లో, నేనొక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పింది కాదు. కానీ మూడు రోజుల పాటు, వచ్చిన ప్రతి స్కూలు పిల్లలకీ వేలు పెట్టి చూపిస్తూ మరీ చెప్పాను.

అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలని మీకు గుర్తుండే ఉంటుంది. 1957లో మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 4వ తారీఖున, అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది 1967లో 10వ తారీఖున, అందుకని ఆ వారం. మన కాలేజీలో ప్రతి ఏడూ ఆ వారం ఎగ్జిబిషన్ పెడితే, ఏ బ్రాంచి వాళ్లు చేసినా పీఎస్ఎల్‌వీయే చేసేవారు. శ్రీహరికోట పక్కనే ఉండబట్టి కాబోలు. హాల్లో థర్మోకోల్ పీఎస్ఎల్‌వీలు కరెంటు స్తంభాల్లా వరసగా నిలబడి ఉండేవి. థర్డ్ ఇయర్‌లో మేం నలుగురం కలిసి, ఈసారి రాకెట్టు కాదు, మనుషులు కూర్చునే నౌక చేద్దామనుకున్నాం. మన హైదరాబాదులో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ నిజాం కాలేజీలోనూ చదువుకుని, మన దేశం నుంచి మొట్టమొదట అంతరిక్షంలోకి వెళ్లిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న ఎక్కిన సోవియట్ నౌక, సోయుజ్ టీ-11.

నలుగురం అంటే నేను, ఈసీఈలో ఉన్న నా రూమ్మేటు, సివిల్ బ్రాంచి అమ్మాయి ఒకరు, ఇంకా మా 'డ్రాఫ్టరు'. ఫస్టియర్ అయిపోయినా డ్రాయింగులు గీసే మినీ డ్రాఫ్టర్ని భుజాన వేసుకు తిరిగేవాడు కాబట్టి వాడికా పేరు. అసలు పేరు రాస్తే ఇప్పుడు పనిచేస్తున్న చోట పరువు పోతుందట.

వర్క్‌షాపులో ఫిట్టింగుకీ కార్పెంటరీకీ మధ్య మూల గదిలోకి ఆ ఏడే లేజర్ కటింగ్ మిషను వచ్చింది. బల్ల 90 సెంటీమీటర్లు బై 60. మూత తీసి చూస్తే ఓ ఎర్ర చుక్క కనిపించేది. అందరూ దాన్నే లేజర్ అనుకునేవారు. అది గురి చూసుకోడానికి పెట్టిన దీపం మాత్రమే. కోసే కిరణం కంటికి కనపడదు, దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. సోయుజ్ సోలార్ రెక్కలు రెండూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 10.6 మీటర్లు. ఈ రెండంకెలూ ఒకటే అయినందుకు నా రూమ్మేటు అదేదో ముహూర్తం కుదిరినట్టు సంబరపడిపోయాడు.

సైజు నిర్ణయించింది మాత్రం ముహూర్తం కాదు, ఆ బల్ల. సోయుజ్‌లో అన్నిటికన్నా లావు చోట అడ్డకొలత 2.72 మీటర్లు. నాలుగో వంతు చేస్తే అది 68 సెంటీమీటర్లు వస్తుంది, బల్ల మీద పట్టదు. అయిదో వంతు చేస్తే 54 చిల్లర, పడుతుంది. అలా మా నౌక పొడవు ఒకటిన్నర మీటరు, రెక్కలతో వెడల్పు రెండు మీటర్ల పన్నెండు. గుమ్మంలోంచి రాదని ముందే తెలిసి రెక్కలు ఊడదీసేలా పెట్టాం. అన్నీ ముందే తెలిశాయనుకోకండి. తెలిసింది అదొక్కటే.

అట్ట కోసం రిఫ్రిజిరేటర్ల షాపు వెనకాల చెత్తలో వెతికాం. పిన్నులు, టేపులు, నలిగిన మడతలు. చివరికి పెట్టెలు తయారుచేసే చోటికే వెళ్లి మూడు పొరల అట్ట షీట్లు కొన్నాం, మూడు మిల్లీమీటర్ల మందం. పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, మధ్యలో అలలు అలలుగా ఇంకో కాగితం. ఈ అలల దిక్కు చూసుకోకుండా కోస్తే ముక్క ఒకవైపు కర్రలా నిలబడుతుంది, ఇంకోవైపు అప్పడంలా వాలిపోతుంది. మొదటి పది ముక్కలూ వాలిపోయినవే.

మొదటి కోత మర్చిపోలేను. వేగం తగ్గించి పవరు పెంచాం, బాగా తెగాలని. కోత మొదలైన నిమిషానికి అలల సందుల్లోంచి ఒక పసుపు మంట నెమ్మదిగా, అగరొత్తి వెలిగినట్టు లేచింది. నేను మిషను ఆపే ఎర్ర బటన్ కోసం వెతుకుతున్నాను. ఈలోపు వర్క్‌షాపు బాబాయ్ మూత ఎత్తి తడిగుడ్డ ఒకటి దాని మీద వేసి, మళ్లీ మూత దింపి, చేతులు దులుపుకున్నాడు. "పొయ్యి మీద పాలు పెట్టి పక్కకెళ్తారా? ఇదీ అంతే" అన్నాడు. ఆ తర్వాత మిషను నడుస్తున్నంతసేపూ ఒకరు తడిగుడ్డ పట్టుకుని నిలబడాలని రూలు పెట్టాం. మంట లేవకుండా కోత మీద గాలి ఊదే పైపు వాల్వు మేం తెరవనే లేదని ఆ సాయంత్రం తెలిసింది.

బాబాయ్ అసలు వడ్రంగి. కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చడానికి కోసిన గాళ్లు వదులైపోతున్నాయని మేం తల పట్టుకుని కూర్చుంటే వచ్చి, "రంపం తినేది లెక్కేశారా?" అన్నాడు.

"దీనికి రంపం లేదు బాబాయ్, వెలుగే కోస్తుంది."

"వెలుగైతే తినదా?"

తింటుంది. గీతకి ఒక మిల్లీమీటరులో అయిదో వంతు దాకా తింటుంది. మూడు మిల్లీమీటర్ల గాడి గీస్తే, ఆ తిన్నదాంతో కలిపి మూడూ పాయింట్ రెండు అవుతుంది. అట్టముక్క అందులో పెడితే పళ్లూడిన నోట్లో చెరుకుముక్కలా కదులుతుంది. అప్పుడు డ్రాఫ్టరు ఒక దువ్వెన ముక్క కోశాడు. 2.6, 2.7, 2.8, అలా 3.1 దాకా వరసగా గాళ్లు. వాటిలో ఏది బిగువుగా పడుతుందో చూసి, ఆ అంకె డ్రాయింగులో పెట్టడం. మాకు 2.8 కుదిరింది. ఆ రాత్రి ముప్పై ముక్కలు కోసి, గుడ్‌నైట్ చెప్పుకుని పడుకున్నాం.

తెల్లారేసరికి ముసురు. రెండు రోజులు ఒకటే వాన. అట్ట గాల్లో తేమ తాగి ఉబ్బి, 2.8 గాడిలో దూరనంది. బలవంతం చేస్తే అంచు చితికింది. పైగా షీట్లు వంగిపోయి మిషను బల్ల మీద చదునుగా కూర్చోక, మధ్యలో తెగి అంచుల్లో తెగకుండా మిగిలేవి. హాస్టల్లో ఇస్త్రీ పెట్టె ఉన్నవాడు ఫైనలియర్ అన్న ఒక్కడే. ఇంటర్వ్యూకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నవాడి దగ్గర పెట్టె బతిమాలి తెచ్చి, అట్టలకి ఇస్త్రీ చేశాం. నవ్వుకోండి. పనిచేసింది. అప్పట్నించి రోజూ పొద్దున్నే ముందు దువ్వెన, తర్వాత కోత.

ఇక ముందుండే గుండు. సోయుజ్‌లో మూడు భాగాలు. ముందు గుండులాంటి గది, మధ్యలో గంటలాంటి గది, వెనక ఇంజనూ ట్యాంకులూ ఉండే డబ్బా. చదునైన అట్టతో గుండు చెయ్యడమే మా పాలిట పరీక్ష. డ్రాఫ్టరు పన్నెండు పూర్తి బిళ్లలు గీశాడు, అన్నీ నడిమధ్యలో ఒకే ఇరుసు మీద కలిసేలా, దబ్బకాయ తొనల్లాగా. స్క్రీన్ మీద ఎంత అందంగా ఉందో చెప్పలేను. తిప్పితే గుండ్రంగా తిరుగుతోంది. ఆరు గంటలు కోసి చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, కంప్యూటర్లో బిళ్లలు దెయ్యాల్లా ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి గానీ అట్టలు దూరవని. రెండు బిళ్లలు అడ్డంగా దిగుతాయి. మూడోదానికి మధ్యలో చోటేది? వాడు అరగంట మాట్లాడలేదు. సివిల్ అమ్మాయి పన్నెండు బిళ్లలనీ కత్తెరతో సగానికి కోసేసి, ఇరవై నాలుగు సగాల్నీ చేతిలో పట్టుకుని, "వీటిని మూడు చుట్ల మీద నిలబెడదాం" అంది. కట్టడం చదివేవాళ్లకి కట్టేటప్పుడు ఏది ముందు నిలబడాలో తెలుస్తుంది. మూడు అడ్డ చుట్లు, వాటి గాళ్లలో ఇరవై నాలుగు తొనలు. ఆఖరి తొన టక్‌మని కూర్చున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పటికి రాత్రి రెండు, మా చేతులు నలుగురివీ మసిబారి బొగ్గులమ్మినవాళ్ల చేతుల్లా ఉన్నాయి.

గంట గది సులువుగానే అయింది, దాని పక్కలు ఏడు డిగ్రీలే వాలు. అట్ట పైపొర మాత్రమే తెగేలా దగ్గర దగ్గరగా గీతలు పెడితే షీటు తడిక చుట్టినట్టు చుట్టుకుంది. కరెంటు పోవడాలు, మిషను తన సున్నా ఎక్కడో మర్చిపోవడాలు, ఫెవికాల్ డబ్బా ఒలికిపోవడాలు రాయను. మొత్తం నూట నలభై ముక్కల దాకా తేలాయి.

పైన వెండి కాగితం అంటించాలని నాకు మహా కోరికగా ఉండేది. ఫొటోలు చూపించి సివిల్ అమ్మాయి ఒప్పుకోలేదు. అసలు నౌక మీద కప్పేది వేడి ఆపే దుప్పటి, బూడిదాకుపచ్చ రంగు, తళుకులేమీ ఉండవంది. రంగు వెయ్యడానికి టైము లేక మాడిన గోధుమరంగు అంచులతోనే వదిలేశాం. పేరు మాత్రం రష్యన్ అక్షరాల్లో చెక్కాం. అందులో మొదటి అక్షరం చూడ్డానికి ఇంగ్లీషు 'సీ', పలికేది 'ఎస్'. చివరిది అచ్చం మూడంకె, పలికేది 'జెడ్'. వచ్చినవాళ్లంతా "సీ, ఓ, ఏదో, మూడు" అని చదివేవారు. దాని పక్కన టీ-11.

మూడు రోజులూ దాని పక్కనే నిలబడి నోరు నొప్పెట్టేలా చెప్పాను. మలిషెవ్, స్ట్రెకలోవ్, మన శర్మ, ముగ్గురూ సల్యూత్-7 అనే అంతరిక్ష స్టేషన్‌కి వెళ్లారు. 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. గవర్నమెంటు స్కూలు ఏడో క్లాసు అమ్మాయి ఒకతి, రెండు జడలు, చేతిలో పెన్సిలూ నోట్సూ, గుండు లోపలికి తల పెట్టి చూసి అడిగింది. "వచ్చేటప్పుడు కూడా ఇందులోనే వచ్చారా అన్నా?"

"ఇందులోనే అమ్మా. ముందు గుండూ వెనక డబ్బా కాలిపోతాయి. ఈ మధ్య గది ఒక్కటే కిందికి దిగుతుంది" అన్నాను. రాసుకుంది. అడిగినందుకు నాకే గర్వంగా అనిపించి, తర్వాత వచ్చిన బ్యాచ్‌లకి వాళ్లు అడక్కుండానే చెప్పాను.

2019లో ఒక ఇంటర్వ్యూ కోసం ఢిల్లీ వెళ్లాను. అది చెడగొట్టుకుని, రాత్రి రైలు దాకా ఏం చెయ్యాలో తోచక తీన్‌మూర్తి దగ్గర నెహ్రూ ప్లానెటోరియంకి పోయాను. లోపల ఉంది. అసలు గంట, మాడిన పెనం రంగులో. మూడేళ్ల క్రితం దాని అయిదో వంతుని చంకన పెట్టుకుని మెట్లు దిగినవాణ్ని కదా, చూడగానే కొలతలు పోల్చుకున్నాను. అందులో ముగ్గురు పెద్ద మనుషులు మోకాళ్లు ముడుచుకుని ఎలా పట్టారో అనుకుంటూ బోర్డు చదివాను. సోయుజ్ టీ-10.

అచ్చుతప్పు అనుకున్నాను. తప్పు బోర్డుది కాదు. నౌక అంతరిక్షంలో ఉన్నకొద్దీ పాతబడుతుంది, దానికో గడువుంటుంది. టీ-10 ఫిబ్రవరి 8న వెళ్లి, స్టేషన్‌లో ఉండిపోయేవాళ్లని దింపింది. ఏప్రిల్లో చుట్టపుచూపుగా వెళ్లిన శర్మ బృందం తాము తెచ్చిన కొత్త బండిని ఇంట్లోవాళ్లకి వదిలేసి, వాళ్ల పాతబండి ఎక్కి ఆ నెల 11వ తారీఖున దిగింది. ఎవరి ఒంటి ఆకారానికి వాళ్లకి పోతపోసిన సీటు పరుపులు కూడా ఈ నౌకలోంచి ఆ నౌకలోకి మార్చుకోవాలి. టీ-11 ఆ ఏడు అక్టోబరు 2న వేరే ముగ్గురితో దిగింది. మేం గూగుల్లో వెళ్లిన నంబరు చూశాం గానీ వచ్చిన నంబరు చూడాలని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ అమ్మాయికి తట్టింది.

సంచిక సంపాదకులు మోడల్ ఫొటో కావాలన్నారు, పంపాను. కింద టీ-11 అనే వెయ్యండి, మేం చేసింది వెళ్లేటప్పటి నౌకే. ఆ ఊళ్లో స్కూల్లో అప్పుడు ఏడు చదివిన అమ్మాయి ఎవరికైనా తెలిస్తే ఈ పేజీ చూపించండి. నోట్సులో ఒక్క అంకె దిద్దుకోవాలి.

ఇది రాసే ముందు బాబాయ్‌కి ఫోన్ చేశాను. రిటైరయ్యాడు. మోడల్లో ఏమైనా మిగిలిందా అని అడిగాను.

"ఏముందిరా, రెండేళ్లకే చెదలు పట్టింది. గుండులో పై చుట్టు ఒక్కటి బావుంటే ఇంటికి తెచ్చాను. మీ పిన్ని అన్నం గిన్నె కింద కుదురులా పెడుతోంది. గిన్నె వేడికి అంచంతా మాడింది గానీ గట్టిదే."

"గిన్నె వేడికి కాదు బాబాయ్" అన్నాను.