గుండాటను పైథాన్‌లో రాశాను

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌ని కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఏం రాయాలని అడిగితే నేను పాచికల పందెం ఆటే చెబుతాను. బీకామ్ చదివి, కోడింగ్ అంటేనే టెన్షన్ పడే నాకు లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), షరతులు ఒక్కచోట అర్థమైంది దానితోనే.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ముందు కాగితం మీద నియమాలు రాసుకున్నాను. కోస్తాలో సంక్రాంతికి ఆడే గుండాటే నా నమూనా. నా ఆటలో ఆరు అంకెలు, మూడు పాచికలు. కాసిన అంకె ఒక పాచిక మీద పడితే పందెమంత లాభం, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీదా పడితే మూడింతలు. అసలు పడకపోతే పందెం పోతుంది. డబ్బు పెట్టి ఆడితే 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020 సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలూ దాని కిందికే వచ్చాయి. అందుకే ఆటగాడికి 500 పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టాను.

పాచిక వేయడానికి పైథాన్‌తో వచ్చే రాండమ్ మాడ్యూల్‌లో (సిద్ధంగా ఉండే కోడ్ కట్టలో) ఏదో ఒక అంకె తీసిచ్చే రాండింట్ ఉంది. 1, 6 అని ఇస్తే రెండు చివరలూ కలుపుకుంటుంది. దాని పక్కనే ఉండే రాండ్‌రేంజ్‌కి అవే అంకెలిస్తే ఆరు ఎప్పటికీ పడదు. ఆరు మీద కాసినవాడికి అంతకంటే అన్యాయం ఉండదు! ఆటగాడు టైప్ చేసింది ఇన్‌పుట్‌తో తీసుకుంటే అక్షరాలుగానే వస్తుంది కాబట్టి దాన్ని ఇంట్‌తో అంకెగా మార్చాలి. పాయింట్లున్నంతవరకు ఆట సాగడానికి ఒక వైల్ లూప్ చాలు.

అసలు పని పందేన్ని సరిచూడడంలో ఉంది. ఆ భాగం రాసేముందు మా తమ్ముడి చేత ఆడించాను. వాడు కావాలనే పందెం మైనస్ 100 అని కొట్టాడు. అంకె పడలేదు. "అక్కా, ఓడిపోతే 600 అయ్యాయేంటే?" అన్నాడు. 500లోంచి మైనస్ 100 తీసేస్తే 600 కదా మరి. పందెం సున్నా కంటే ఎక్కువ ఉండాలి, చేతిలో ఉన్నదాన్ని మించకూడదు అన్న షరతు ఎందుకో ఏ పాఠమూ ఇంత బాగా చెప్పదు.

తర్వాత మనుషులు లేకుండా కంప్యూటర్‌తోనే లక్ష ఆటలు ఆడించాను, ఆటకి ఒక పాయింట్ చొప్పున. మూడు పాచికలు, ఆరు అంకెలు, అంటే సగానికి సగం గెలుస్తామనిపిస్తుంది. కానీ ఎన్నిసార్లు నడిపినా ఎనిమిది వేలకు కాస్త అటూ ఇటూగా నష్టమే. తమ్ముడు నమ్మలేదు, కాగితం తీశాం. మూడు పాచికలు పడే తీరులు 216. కాసిన అంకె ఒకటీ పడనివి 125, ఒకటి పడేవి 75, రెండు పడేవి 15, మూడూ పడేది ఒక్కటే. లాభం 75, 30, 3 కలిపి 108. నష్టం 125. ఆ 17 తేడానే ఆట నడిపేవాడి సంపాదన. నూటికి దాదాపు 7.9. పాచికల్లో మోసమేమీ అక్కర్లేదు, చెల్లింపుల్లోనే ఉంది అంతా. నన్ను ఈ ఆట కట్టిపడేసింది ఇక్కడే.

మరి ఎవరికీ అన్యాయం జరగకుండా ఆట రాయొచ్చా? మూడూ పడినప్పుడు మూడింతలకు బదులు 20 ఇంతలు ఇస్తే 75, 30, 20 కలిపి సరిగ్గా 125. కోడ్‌లో ఆ ఒక్క అంకె మార్చి మళ్లీ లక్ష ఆటలు నడిపాను. ఒకసారి కొన్ని వందలు పోయాయి, ఇంకోసారి కొన్ని వందలు వచ్చాయి.