తాబేలు ఎవరి చుట్టం?

బరంపురంలో డిగ్రీ జువాలజీ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠానికి సిలబస్‌లో అర పేజీ కూడా ఇవ్వలేదు. ఒకే జీవుల గుంపుకు రెండు మూడు రకాల వంశవృక్షాలు గీయగలిగినప్పుడు దేన్ని నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్నది ఆ పాఠం. నోట్సులో "తక్కువ మార్పులతో వివరించగలిగిన చెట్టే మేలైనది, దీన్నే పార్సిమనీ అంటారు" అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టేసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ వాక్యం వెనక ఎంత ఆలోచన ఉందో చూపించకుండా వదిలేయడం నాకు మనసొప్పదు.

ఈ ఏడు ఆ పాఠానికి దారి తీసింది గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి. వాళ్ళది చేపల వేటకెళ్ళే కుటుంబం. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పోడంపేట పక్కన, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టడం ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ చూస్తోంది. "మేడం, అంత పెంకు ఉంది, పళ్ళు లేవు, మూతి చూస్తే చిలక ముక్కు. తాబేలు దేనికి చుట్టం ఏటండి?" అని అడిగింది.

ఈ ప్రశ్న మీద జీవశాస్త్రం వందేళ్ళకు పైగా తర్జనభర్జన పడింది. అందుకే వేరే ఉదాహరణ వెతక్కుండా దీన్నే తీసుకున్నాను.

ముందు పుర్రె. వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు మాంసమంతా రాలిపోయి, తల ఎముక తెల్లగా బయటపడి ఉంది. ముట్టుకోలేదు, ఇంటికి తెచ్చుకోలేదు. వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూల్ జీవి అది, దాని ఎముక దగ్గర పెట్టుకున్నా నేరమే. ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాం. కంటి గుంత వెనక, మనకు కణత ఉండే చోట, ఎముక పలకలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి గోడలా ఉన్నాయి. వెనక అంచు లోపలికి కోసుకుపోయి ఉంది గానీ మధ్యలో కన్నం మాత్రం ఎక్కడా లేదు. మొసలి పుర్రెలో అదే చోట పైనొకటి, కిందొకటి, రెండు కన్నాలు స్పష్టంగా ఉంటాయి. తొండలో కింది కన్నానికి అడుగు కడ్డీ పోయింది. కోడిలో రెండూ కంటి గుంతతో కలిసిపోయాయి. చికెన్ కొట్టులో తల అడిగి తెచ్చి ఉడకబెట్టి చూసుకోండి అన్నాను, ఇద్దరు నిజంగానే చూసుకొచ్చారు. రూపం మారినా తొండ, కోడి కూడా రెండు కన్నాల వంశమే అని శిలాజాలు చెబుతాయి.

ఇప్పుడు బోర్డు మీద పట్టిక. ఆవు, తాబేలు, తొండ, మొసలి, కోడి. ఆవు ఈ గుంపుకు బయటిది అని ముందే తెలుసు కాబట్టి దాన్ని పోలిక కోసం పక్కన నిలబెడతాం. మిగతా నాలుగింటినీ రెండేసిగా కలుపుతూ చెట్టు గీయడానికి 15 దారులున్నాయి. మూడు లక్షణాలు తీసుకున్నాం. కణత దగ్గర రెండు కన్నాలు: తొండ, మొసలి, కోడికి ఉన్నాయి. కందనకాయ, అంటే కండ పట్టి మేతను నలిపే కడుపు: మొసలికీ కోడికీ ఉంది. పళ్ళు లేకపోవడం: తాబేలు, కోడి.

పిల్లలు మొదట గీసిన చెట్టులో తాబేలు అందరికన్నా ముందు విడిపోతుంది, తర్వాత తొండ, చివరికి మొసలీ కోడీ జంటగా మిగులుతాయి. ఇందులో కన్నాలు ఒక్కసారి పుట్టాయంటే సరిపోతుంది. కందనకాయ ఒక్కసారి. పళ్ళు మాత్రం రెండుసార్లు విడివిడిగా పోవాలి. మొత్తం నాలుగు మార్పులు. రెండో చెట్టులో తొండ ముందు విడిపోతుంది, తాబేలు మొసలీ కోడీ పక్కకు చేరుతుంది. అప్పుడు కన్నాలు ముందే పుట్టి తాబేలులో మళ్ళీ పూడిపోయాయని అదనంగా ఒక మార్పు చెప్పుకోవాలి. మొత్తం ఐదు. పళ్ళు లేవు కదా అని తాబేలునూ కోడినీ జంట కడితే పళ్ళ లెక్క ఒకటికి తగ్గుతుంది గానీ కన్నాలకు రెండు, కందనకాయకు రెండు పడతాయి. అదీ ఐదే. ఆ 15 చెట్లలో నాలుగుతో సరిపెట్టేది మొదటిదొక్కటే.

"గుడ్డు ఎంత వేడిలో ఉందో దాన్ని బట్టి ఆడో మగో తేలడం తాబేలుకీ మొసలికీ ఉంది కదా, అది కలపండి మేడం" అంది ఆ అమ్మాయి. మంచి ఆలోచన. కోడికి అది లేదు, ఆవుకు లేదు. తొండ గడి మాత్రం ఖాళీగా వదిలేశాం. కచ్చితంగా తెలియని గడిని ఖాళీగా వదలడం ఈ పనిలో మామూలే. మళ్ళీ లెక్కపెట్టారు. మొదటి చెట్టులో రెండు మార్పులు, రెండో చెట్టులోనూ రెండే. నాలుగుకు ఐదు కాస్తా ఆరుకు ఏడయింది, తేడా మారలేదు. తాబేలూ మొసలీ పోలినంత మాత్రాన ఈ రెండు చెట్ల మధ్య తగువు తీరదని అప్పుడు అర్థమైంది వాళ్ళకి. తగువు తీర్చేది తాబేలు, మొసలి, కోడి మూడింట్లోనూ ఉండి తొండలోనూ ఆవులోనూ లేని లక్షణం.

అలాంటివి డీఎన్ఏలో దొరికాయి. 2012లో ఒక బృందం 248 జన్యువులతోనూ, మరో బృందం ఈ జీవులన్నిటిలో దాదాపు మారకుండా వస్తున్న వెయ్యికి పైగా డీఎన్ఏ ముక్కలతోనూ చెట్లు కట్టాయి. రెండింటిలోనూ తాబేలు మొసళ్ళ, పక్షుల పక్కకే వచ్చి చేరింది. మా బోర్డు మీద ఓడిపోయిన చెట్టే గెలిచిందన్నమాట. 2015లో జర్మనీలో దొరికిన పాపోకెలిస్ అనే 24 కోట్ల ఏళ్ళ నాటి తాబేలు పూర్వీకుడి శిలాజాన్ని వర్ణించారు. దానికి పెంకు ఇంకా పూర్తిగా రాలేదు, వెడల్పాటి పక్కటెముకలున్నాయి. కణత దగ్గర చూస్తే రెండు కన్నాలూ ఉన్నాయి! మేము "అదనంగా చెప్పుకోవాల్సిన కథ" అని పక్కన పెట్టిన ఆ ఒక్క మార్పు నిజంగానే జరిగింది.

ఇది విని ఒక కుర్రాడు "అయితే పార్సిమనీ తప్పు కదా మేడం" అన్నాడు. ఇక్కడే నేను గట్టిగా మాట్లాడాలనుకుంటాను. ప్రకృతి పొదుపుగా నడుస్తుందని పార్సిమనీ ఎప్పుడూ అనలేదు. అది కట్టడి చేసేది మనల్ని. ఒక చెట్టు నిలబడాలంటే మనం ఎన్ని కథలు అల్లాల్సి వస్తుందో లెక్క చూపించమంటుంది, ఆధారం లేకుండా ఒక్కటి కూడా ఎక్కువ అల్లనివ్వదు. మూడు లక్షణాలకు నాలుగు కథలు చాలినప్పుడు ఐదు చెప్పే హక్కు మాకు లేదు. కొత్త ఆధారాలు వచ్చి పట్టిక పెరిగాక, తాబేలు కన్నాలు పూడిపోయాయన్న ఆ ఒక్క కథను ఒప్పుకుంటే వేరే చోట్ల బోలెడన్ని కథలు అక్కర్లేకుండా పోయాయి. అప్పుడు దాన్ని ఒప్పుకోవడమే పొదుపు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. డీఎన్ఏతో చెట్లు కట్టేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కువగా సంభావ్యత లెక్కల మీద ఆధారపడతారు, మార్పుల్ని ఊరికే లెక్కపెట్టి ఊరుకోరు. దానికి గట్టి కారణం ఉంది. రెండు శాఖల్లో మార్పులు చాలా వేగంగా జరిగితే ఆ రెండూ కాకతాళీయంగా ఒకేలా కనిపిస్తాయి, పార్సిమనీ వాటిని అన్నదమ్ములనుకుని జంట కడుతుంది. జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ అనే జీవశాస్త్రవేత్త 1978లో దీన్ని లెక్కకట్టి చూపించాడు. అలాంటి చోట డేటా పెంచేకొద్దీ తప్పు జవాబు మీద నమ్మకం ఇంకా పెరుగుతుందట. నాలుగు జీవులతోనే ఇంత చిక్కు వస్తే, పది జీవులకు వేర్లతో సహా గీయగల చెట్లు 3,44,59,425. కంప్యూటర్ లేకుండా ఈ పని జరగదని పిల్లలు ఒప్పుకున్నది ఈ అంకె చూశాకే.

శిలాజాల విలువ మీద నాకు మరీ ఇష్టమైన ఉదంతం ఒకటుంది. వెచ్చని రక్తం, నాలుగు గదుల గుండె చూసి 1982లో గార్డినర్ అనే శాస్త్రవేత్త పక్షులకు అతి దగ్గరి చుట్టాలు పాలిచ్చే జీవులేనన్నాడు. బతికున్న జీవుల్ని మాత్రమే పట్టికలో పెడితే పాలిచ్చే జీవులు నిజంగానే అటువైపే జరుగుతాయి. 1988లో గోథియర్, క్లూగే, రో అనే ముగ్గురు శిలాజాల్ని కూడా అదే పట్టికలో చేర్చి లెక్కపెట్టారు. వెంటనే పాలిచ్చే జీవులు తమ చోటికి తాము వెళ్ళిపోయాయి. లెక్క కట్టే పద్ధతి మారలేదు, పట్టికలో కొత్త వరసలు చేరాయి, అంతే.

ఇక మార్పుల్ని లెక్కపెట్టడం అద్భుతంగా పనిచేసిన చోటు చూడాలంటే మాకు చిలికా దగ్గరే ఉంది. అక్కడి ఇరావదీ డాల్ఫిన్లు తిమింగలాల జాతివి. ఆ తిమింగలాలకు దగ్గరి చుట్టం నీటి ఏనుగు. కానీ నీటి ఏనుగు పందికి చుట్టమని పళ్ళను చూసి చాలాకాలం అనుకున్నారు. డీఎన్ఏలో తమకు తామే నకలు తీసుకుని వేరే చోట దూరే చిన్న ముక్కలుంటాయి. రెండు జీవుల్లో సరిగ్గా ఒకే చోట ఒకే ముక్క దూరి ఉంటే, అది విడివిడిగా రెండుసార్లు జరిగే అవకాశం చాలా తక్కువ. దూరిన ముక్క మళ్ళీ ఆనవాలు లేకుండా బయటికి రావడం కూడా చాలా అరుదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఇలాంటి ముక్కల్ని వెతికితే కొన్ని తిమింగలాల్లోనూ నీటి ఏనుగులోనూ ఒకే చోట ఉన్నాయి, పందిలోనూ ఆవులోనూ లేవు. ఇలాంటి ఆధారం ఉన్నప్పుడు మార్పుల్ని లెక్కపెట్టడం కన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. రెండేళ్ళకు, 2001లో, పాకిస్తాన్‌లో దొరికిన పాత తిమింగలాల చీలమండ ఎముకలు కూడా అవి జంట గిట్టల జంతువుల వంశమేనని తేల్చాయి. జమ్మూ ప్రాంతంలో కాలాకోట్ రాళ్ళు సేకరించి, 1971లో ఇండోహ్యూస్ అనే అంతరించిన చిన్న గిట్టల జంతువుకు పేరు పెట్టిన భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు గురించి కూడా చెప్పాను. ఆయన పోయాక ఆ రాళ్ళలోని ఒక పుర్రెలో తిమింగలాలకు మాత్రమే ఉంటుందనుకున్న చెవి ఎముక మందం బయటపడిందంటే పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు.

వాళ్ళకు నేనిచ్చిన పని ఒక్కటే. ఏ వ్యాసంలోనైనా వంశవృక్షం బొమ్మ కనిపిస్తే గెలిచిన చెట్టును చూసి ఊరుకోవద్దు. ఓడిన చెట్లలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఏది, దానికి ఎన్ని మార్పులు ఎక్కువ పట్టాయి అన్నది వెతకమన్నాను. మా బోర్డు మీద ఆ తేడా ఒకటి. తగువు తీర్చే లక్షణం ఒక్కటి చేరితే సమానమైపోతుంది, రెండు చేరితే తిరగబడుతుంది. గోపాల్‌పూర్ అమ్మాయి ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, తోలు తాబేలు, మంచినీటి తాబేలుతో సొంత పట్టిక మొదలుపెట్టింది. పెంకు మీద పక్క పలకలు ఆలివ్ రిడ్లీకి సాధారణంగా ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటాయి, పచ్చ తాబేలుకు నాలుగు జతలు, తోలు తాబేలుకు అసలు పలకలే లేవు. తోలు తాబేలు గడిలో "సున్నా" రాయాలా, "వర్తించదు" అని రాయాలా అని అడుగుతోంది. ఎలా రాస్తే లెక్క ఎటు మారుతుందో రెండు రకాలుగానూ చేసి చూపించమన్నాను.