బాపు చెవిలో మోత

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో మా బాపు, చిన్నాయన పాతికేళ్లకు పైగా పనిచేశారు. బియ్యాన్ని తెల్లగా చేసే పాలిషర్ మిషను దగ్గర మాట వినిపించక చేతి సైగలతోనే పని నడిచేది. ఇప్పుడు ఇద్దరికీ వినికిడి తగ్గింది, ఇద్దరి చెవుల్లోనూ రాత్రింబవళ్లు గుయ్యిమనే మోత ఉంది. ఆయుర్వేదం కర్ణనాదమన్నదాన్నే నేటి వైద్యులు టిన్నిటస్ అంటున్నారు.

చిన్నాయన పడుకుంటే తెల్లారేదాకా లేవడు. అడిగితే, "దాని పని అది చేసుకుంటది, నా పని నేను చేసుకుంట" అంటాడు. బాపు మాత్రం సంక్రాంతి చలిలోనూ ఫ్యాను వేసుకొని, నిండా దుప్పటి కప్పుకొని పడుకుంటాడు. కరెంటు పోతే లేచి కూర్చుంటాడు. అరచేతితో కుడి చెవిని మూసి, తెరిచి, మళ్లీ మూసి, మోత పెరిగిందా తగ్గిందా అని చూసుకుంటాడు.

చెవి పరీక్షలో మోతకు సరిపోయే శబ్దాన్ని వినిపించి కొలిస్తే ఇద్దరిదీ ఇంచుమించు ఒక్కటే. ఇది వింతేమీ కాదు. చాలామందిలో ఆ మోత వారు వినగలిగే కనీస స్థాయికి కొద్ది డెసిబెల్స్ మాత్రమే ఎక్కువగా ఉంటుంది, దాని పరిమాణానికీ మనిషి పడే బాధకూ బలమైన పొంతన కనిపించదు. లోపలి చెవి దెబ్బతిని శబ్దాలు సరిగా అందనప్పుడు మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకోవడం ఈ మోతకు కారణమని చాలామంది పరిశోధకులు భావిస్తారు. అయితే మెదడు దాన్ని ఫ్రిజ్ చప్పుడులా వదిలేస్తుందా, ప్రమాద సూచనగా పట్టుకుంటుందా అన్నదాని మీదే బాధ చాలావరకు ఆధారపడుతుంది. త్వరగా ఆందోళన పడే స్వభావం ఉన్నవారిలో ఈ బాధ ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇది విని చుట్టాలు "మనసు గట్టిగ చేసుకో" అని బాపుకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. ఏళ్ల తరబడి నిద్రలేని మనిషికి చిరాకు రావడం సహజం; స్వభావం బాధను పెంచిందో, బాధే స్వభావాన్ని మార్చిందో అధ్యయనాల్లో ఒక్కసారి అడిగిన ప్రశ్నలతో తేల్చలేము. పైగా బేరింగు అరుగుతుంటే అందరికంటే ముందు చెవితో పసిగట్టి మిషను ఆపించింది బాపే, ఆ పనికే ఆయనకు పేరు. శబ్దంలో చిన్న మార్పును కూడా వదలని ఆ చెవి ఇప్పుడు తనలోని మోతను కాపలా కాస్తున్నది. దాన్ని బలహీనత అనడం అన్యాయం.

ఆలోచనల తీరును మార్చే చికిత్స, అంటే సీబీటీ, మోతను కాక దానివల్ల కలిగే బాధను తగ్గించేందుకు ఉద్దేశించింది; అది ఆ బాధను తగ్గించగలదని 2020లో 28 అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్ (వైద్య అధ్యయనాలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష తెలిపింది. బాపుకు కౌన్సెలర్ మొదట చెప్పింది చెవిని పరీక్షించుకోవడం మానమనే. రాత్రిపూట పూర్తి నిశ్శబ్దం లేకుండా రేడియోను మోత కంటే తక్కువ శబ్దంతో పెట్టుకోమన్నారు.

మొన్న రాత్రి కరెంటు పోయింది. బాపు లేచాడు. చెవి దాకా వెళ్లిన చెయ్యి కాసేపు అక్కడే ఆగింది, తర్వాత టార్చిలైటు కోసం దిండు కింద వెతికింది. కొట్టంలో బర్రెకు గడ్డి వేసి వచ్చి, మళ్లీ పడుకున్నాడు.